చెల్లెమ్మ ఫైలు సంగతి

శ్రీకాకుళం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజి విన్నాను. పదకొండు నిమిషాలు మాట్లాడావు. అందులో పది నిమిషాలు నీ పెళ్లిభోజనంలో పనసపొట్టు కూర నీదాకా రాలేదన్న ఏడుపే. ఆఖర్న గుర్తొచ్చినట్టు "అన్నట్టు, మీ ఫైలు పెట్టేశారు కదా, మా ఆవిడని కెనడా రప్పించుకునే స్పాన్సర్‌షిప్‌కి ఏటేటి కావాలో ఓ లిస్టు పడేయ్" అన్నావు.

లిస్టు కెనడావాళ్లే ఇచ్చారురా. ఐఎంఎం 5533 అని వాళ్ల ఇమిగ్రేషన్ ఫారం ఒకటి ఉంటుంది, ఒక్కో గడికీ టిక్కు పెట్టుకుంటూ పోవడమే. నేను చెప్పాలనుకున్నది ఆ లిస్టులో లేదు. ఫోన్లో చెబితే సగంలోనే "సరే సరే" అనేస్తావని కూర్చుని రాస్తున్నాను. కరెంటు పోయింది. మా అమ్మ విసనకర్రతో పక్కనే కూర్చుని "ఎవులికిరా అంత ఉత్తరం, వీసావోలికా" అంటోంది.

ముందు ఒక్క సంగతి బుర్రకెక్కించుకో. ఈ ఫైలుకి పేరు నీది, పరుగు చెల్లెమ్మది, అదే మీ ఆవిడది. స్పాన్సర్‌వి నువ్వే కానీ నీ వంతు ఒక సాయంత్రం పని. నీ పీఆర్ (శాశ్వత నివాసం) కార్డు, నువ్వు అక్కడే ఉంటున్నట్టు రుజువు, ఉద్యోగం లెటరు, టాక్సువాళ్లిచ్చిన నోటీస్ ఆఫ్ అసెస్‌మెంటు. భార్యని తీసుకెళ్లడానికి మామూలుగా జీతం ఇంతుండాలన్న లెక్కేం ఉండదు. ఆవిడకి పీఆర్ వచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు పోషణ నాదీ అని ఐఎంఎం 1344లో సంతకం పెడతావు, అంతే. నన్ను స్పాన్సర్ చేసిన మీ చెల్లి, అదే మా ఆవిడ, విన్నిపెగ్‌లో నైట్ డ్యూటీ దిగొచ్చి, టీ తాగుతూ తన వంతు ముగించేసింది. నాకు మూడున్నర నెలలు పట్టింది. ఆ మూడున్నర నెలల్లో పోట్లాడుకున్నంత మేం పెళ్లయ్యాక ఎప్పుడూ పోట్లాడుకోలేదు. "ఒక్క కాయితం తేవడానికి వారమా?" అనేది. ఒక్క కాయితం అంటే ఇక్కడ ఎన్ని గుమ్మాలో అంత దూరాన ఉన్నవాళ్లకి కనిపించదు. ఆ మాట నువ్వు చెల్లెమ్మని అనకు. అందుకే ఈ ఉత్తరం.

అన్నిట్లోకీ చంపేది ఐఎంఎం 5669. గత పదేళ్లలో ఏ నెల ఏం చేశావు, ఏ ఇంట్లో ఉన్నావు, ఒక్క నెల కూడా ఖాళీ వదలకుండా రాయాలి. చదివితే చదివానని, పని లేకపోతే లేదని. గ్రూప్-2కి చదువుతున్నామని చెప్పి మనిద్దరం అమీర్‌పేట హాస్టల్లో పడున్నాం చూడు, అది ఏడు నెలలా తొమ్మిది నెలలా? నాకూ గుర్తులేదు, నువ్వేమో ఎప్పుడడిగినా "ఏడాదిరా" అంటావు. చివరికి అమ్మనడిగాను. అమ్మకి నెలలు రావు, తుఫాన్లొచ్చు.

"తిత్లీ అప్పుడు నువ్వింట్లోనే ఉన్నావు. మీ మావోల తోటలో కొబ్బరిసెట్లు పడిపోతే సూడ్డానికెల్లినావు కదేటి."

తిత్లీ 2018 అక్టోబరు 11న. పాత ఫోన్లో వెతికితే ఉద్దానంలో వేళ్లతో సహా లేచిపోయిన చెట్ల ఫొటోలు దొరికాయి, తేదీతో సహా. "మరి హాస్టల్నుంచి ఎప్పుడొచ్చీసినాను?" అన్నాను. "సవితికే ఒచ్చీసినావు. ఉండ్రాళ్లు తిని జొరం తెచ్చుకున్నావు" అంది. ఆ ఏడాది వినాయకచవితి సెప్టెంబరు 13న. అలా ఒక తుఫాను, ఒక పండగ, ఒక జ్వరం పట్టుకుని పట్టిక కట్టాను. చెల్లెమ్మకి బొబ్బిలిలో డిగ్రీకీ విజయనగరంలో బీఈడీకీ మధ్య ఇంట్లో ఉన్న నెలలున్నాయి. "ఖాళీగా ఉన్నాను" అని రాయడానికి మొహమాటపడుతుంది, నాకు తెలుసు. ఖాళీగా ఉన్నానని రాస్తే నష్టమేం లేదు, ఖాళీ గడి వదిలితేనే వెనక్కి కొడతారు.

ఇక పేర్లు. మన ఇంటిపేర్ల గోల వాళ్లకెలా చెప్పగలం? టెన్త్ సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో దానికి వేరే గడి, ఆధార్‌లో ఒక్క పొడక్షరం. అది చాలదన్నట్టు మా నాన్న పేరు చివర "రావు"ని నా టెన్త్‌లో ఆర్-ఏ-ఓ అని, ఆధార్‌లో ఆర్-ఏ-వీ-యూ అని రాశారు. పెళ్లి సర్టిఫికెట్లో ముందు మాటకి అతికించేశారు. ఈ చివరిది ఎవరి తప్పో కాదు, దరఖాస్తు నింపింది నేనే. ఆఫీసరు చూస్తే నాకు ముగ్గురు నాన్నలు. పెళ్లి సర్టిఫికెట్‌ని మళ్లీ తిరిగి దిద్దించుకున్నాను, మిగతా వాటికి ఈ పేర్లన్నీ ఒక మనిషివే అని నోటరీ అఫిడవిట్ పెట్టాను. మీరు పెళ్లి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాకే నువ్వు విమానం ఎక్కావు కాబట్టి సగం బతికిపోయావు. కానీ ఆ సర్టిఫికెట్‌ని ఇద్దరూ ఫోన్లో పెట్టుకుని అక్షరం అక్షరం పైకి చదవండి. ఇంకోటి, మీ అమ్మగారు "కోడలి పాస్‌పోర్టులో మన ఇంటిపేరు వేయించండి" అంటారు చూడు, ఇప్పుడొద్దని చెప్పు. ఫైలు నడుస్తుండగా పేరు మార్చుకోవడం అంటే కోరి తెచ్చుకున్న తలనొప్పి.

తెలుగులో ఉన్న ప్రతి కాయితానికీ ఇంగ్లిషో ఫ్రెంచో అనువాదం జతచెయ్యాలి. అనువాదం చేసినవాళ్ల అఫిడవిట్ కూడా ఉండాలి. ఇంట్లోవాళ్లు చేస్తే చెల్లదు. నేను మా శుభలేఖ ఒకాయనకిచ్చాను. చకచకా చేసిచ్చాడు, ముద్దుగా టైపు చేసి, స్టాంపు కూడా వేసి. ఇంటికొచ్చి చదివితే పెళ్లికూతురి పేరు "లక్ష్మీ సౌభాగ్యవతి" అని మొదలై, ఆ తర్వాత మీ చెల్లి అసలు పేరు! చి.ల.సౌ.ని విడదీసి, చిరంజీవిని వదిలేసి, మిగతాది పేరులో కలిపేశాడు. పాస్‌పోర్టులో ఉన్న మనిషి ఒకరు, నేను పెళ్లాడిన మనిషి ఇంకొకరు అయిపోయారు. మళ్లీ పరుగు. మీ శుభలేఖలో మీ తాతగారి పేరు ముందు "కీ.శే." ఉంది, దాన్నీ కనిపెట్టుకుని ఉండు. ఆయన్నే పెళ్లికి పిలుస్తున్నాడని రాసేయగలరు.

ఫొటోల దగ్గర చాలాసేపు కూర్చోవాలి. 20 కంటే ఎక్కువ పెట్టకూడదు. మా ఆల్బమ్‌లో పదకొండొందలున్నాయి. ఫొటోగ్రాఫరు మమ్మల్నిద్దరినీ కత్తిరించి, గులాబీల మధ్య, మంచుకొండల ముందు, ఒకదాంట్లో ఏకంగా హంస వీపు మీద కూర్చోబెట్టాడు. అవి అమ్మకి ప్రాణం. ఫైలుకి పనికిరావు. వాడెవడో ఆఫీసరు మనల్ని ఎరగడు, ఎనిమిదొందల మంది భోంచేశారన్నది మనకి పెద్ద రుజువు, ఆయనకి కాదు. ఆయనకి కావలసింది ఈ ఇద్దరూ కలిసి బతుకుతున్నారా అన్నది. అందుకని పెళ్లివి ఆరే పెట్టాం. జీలకర్ర బెల్లం ఒకటి, తలంబ్రాలప్పుడు ఆవిడ ముక్కు మీద బియ్యపుగింజ అంటుకుని ఇద్దరం నవ్వుతున్నది ఒకటి, రెండువైపులవాళ్లూ వరసగా నిలబడ్డవి. మిగతావన్నీ తర్వాతివి. సిరిమాను రోజు విజయనగరంలో జనం మధ్య చెమటలు కారుతూ తీసుకున్నది. మా వంటింట్లో ఆవిడ చేతులకి నూనె రాసుకుని పనసకాయ కోస్తున్నది, వెనక స్టూలు మీద నేను. ఆమదాలవలస స్టేషన్లో ఆవిడ వెళ్లిపోయిన రోజుది. దాంట్లో మా అత్తగారు ఏడుస్తున్నారు, నేను సంచి పట్టుకుని వెర్రిమొహం వేసుకున్నాను. ఒక్కటీ అందంగా ఉండదు. ప్రతిదాని కిందా ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాశాం.

కబుర్లకీ అంతే, మెసేజిలు, మెయిళ్లు అన్నీ కలిపి 10 పేజీలు దాటకూడదు. నువ్వు పెళ్లయిన కొత్తలో పంపిన కవిత్వం పెట్టకు, నవ్విపోతారు. "గ్యాస్ బండ వచ్చిందా", "నాన్నకి బీపీ మందు తెచ్చావా", "డ్యూటీకి లేటవుతోంది, పడుకో" లాంటివి ఒక్కోటి ఒక్కో నెలవి తీశాం. ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నా తెలుగు తెలుగే, వాటికీ అనువాదం కావాలి. అందుకే తక్కువ పెట్టుకో.

అసలు ప్రాణం ఉన్నది ఐఎంఎం 5532లో. ఎలా కలిశారు, ముఖాముఖి ఎప్పుడు చూసుకున్నారు, పెళ్లి ఎలా జరిగింది, ఎవరెవరొచ్చారు అన్నీ అడుగుతారు. పెద్దలు కుదిర్చిన సంబంధం అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఆయనకేం తెలుస్తుంది? మీకు పెళ్లిచూపులకీ పెళ్లికీ మధ్య 19 రోజులే. మనకి అందులో వింతేం లేదు. నీకు సెలవు లేదు, పైగా మూఢం వచ్చేస్తోంది. కానీ బయటివాడికి అది తొందరపాటు, వీసా కోసం కట్టిన పెళ్లేమో అన్న అనుమానం. కాబట్టి విప్పి రాయండి. శుక్రుడు సూర్యుడికి దగ్గరై కనబడని రోజుల్లో మావైపు ముహూర్తాలు పెట్టరని, అది దాటితే మళ్లీ నీ సెలవు కుదరదని, అందుకే పంతులుగారు ఆ తేదీ ఇచ్చారని. ఆ 19 రోజుల్లో ఎన్నిసార్లు మాట్లాడుకున్నారో, ఏం మాట్లాడుకున్నారో కూడా. నువ్వొక్కడివే కూర్చుని ఇద్దరి తరఫునా రాసెయ్యకు. చెల్లెమ్మ పెళ్లిచూపుల్లో నీ చొక్కా గుండీ ఊడి ఉండడం చూసిందట, మీ చెల్లికి చెప్పింది. నీకు అది తెలుసా? అలాంటిది ఆమె రాస్తేనే వస్తుంది.

మధ్యలో మా బంధువొకాయన ఒక ఏజెంటుని తగిలించాడు. ఆయన ఫీజు సంగతి అలా ఉంచు, "మీ కథలో పస లేదు, కాలేజీ రోజుల్నుంచీ ప్రేమని పెడదాం" అన్నాడు! దణ్ణం పెట్టి లేచొచ్చాను. అబద్ధం దొరికితే 5 ఏళ్లు అటువైపు చూడనివ్వరు. మనిషి సాయం కావాలనుకుంటే అక్కడ లైసెన్సున్న కన్సల్టెంటో లాయరో, వాళ్లే. మావరకు మేం ఎవర్నీ పెట్టుకోలేదు.

డబ్బులు 2025లో మేం కట్టింది 1,205 డాలర్లు, వేలిముద్రలకి ఇంకో 85. నువ్వు కట్టేముందు ఒకసారి చూసుకో. పోలీసు క్లియరెన్సు పాస్‌పోర్టు ఆఫీసుదే పెట్టాలి, 500 రూపాయలు. నేను విశాఖ మర్రిపాలెం వెళ్లి అప్లై చేశాను, తర్వాత మన స్టేషన్నుంచి పిలిచారు. దీన్ని మాత్రం చివర్న తీసుకోమను. ఫైలు పెట్టేనాటికి 6 నెలలు దాటి ఉండకూడదు. మెడికల్‌కి ముందే ఉరకొద్దు, వాళ్లు రమ్మన్నాకే. అదీ వేలిముద్రలూ హైదరాబాదులోనే ఇచ్చాను. విశాఖ ఎక్స్‌ప్రెస్‌లో పడి వెళ్లొచ్చాను, రెండుసార్లు. ఒక్కో పిలుపుకీ 30 రోజులే గడువు ఇస్తారు కాబట్టి చెల్లెమ్మ మెయిలు రోజూ చూసుకోవాలి.

వచ్చే ఆదివారం బొబ్బిలి వెళ్తున్నాను. నా పదేళ్ల పట్టిక నమూనా, అఫిడవిట్ కాపీ అన్నీ చెల్లెమ్మకి ఇచ్చొస్తాను. నువ్వు ఆ రోజు మీ టైము ప్రకారం తెల్లారగట్ల లేచి వీడియో కాల్లో కూర్చో. నిద్రొస్తోందనకు.

కరెంటు వచ్చింది. పనసపొట్టు కూర అంటే గుర్తొచ్చింది, నీ పెళ్లి బంతిలో నేను ఫోన్తో తీసిన ఫొటో ఒకటి ఇందాకే చూశాను. నీ ఆకులో కూర ఉంది బావా. చెల్లెమ్మ చెయ్యి పెట్టి లాగేసుకుంటోంది, నువ్వు ఇటు తిరిగి ఎవరితోనో కబుర్లాడుతున్నావు. పంపిస్తున్నాను. ఇరవైలో అది మొదట పెట్టు.

నీ బావ