ఎస్‌ఎన్‌ఎఫ్ పడితే నీళ్లు కలిపినట్టేనా?

సంపాదకుడు గారికి,

పచ్చిమేత అయిపోయి గేదెలు వరిగడ్డి మీద పడ్డాక మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాల కేంద్రాల దగ్గర ఒకటే తగువు. చీటీలో వెన్న ఏడు శాతం ఉంటుంది, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలలో నీరు, వెన్న పోగా మిగిలే ఘనపదార్థం) ఎనిమిదిన్నర దాటదు. గేదె పాలకు ఉండాల్సింది కనీసం 9. ధర కోస్తారు. ఆపైన, నలుగురి ముందూ "నీళ్లు కలిపావు" అంటారు. నీళ్లు కలిస్తే వెన్న కూడా తగ్గాలి కదా! వెన్న నిలబడి ఎస్‌ఎన్‌ఎఫ్ ఒక్కటే పడినప్పుడు ముందు అనుమానించాల్సింది మేతను.

ఎస్‌ఎన్‌ఎఫ్ అంటే లాక్టోజ్ అనే పాల చక్కెర, ప్రొటీన్, ఖనిజాలు. పొదుగులో లాక్టోజ్ ఎంత తయారైతే అంత నీటిని లాక్కుంటుంది, అందుకే దాని శాతం పెద్దగా మారదు. మేతను బట్టి మారేది ప్రొటీనే. పొదుగువాపు ఉంటే మాత్రం లాక్టోజ్ కూడా పడిపోతుంది. కాబట్టి నాలుగు చన్నుల మొదటి ధారలూ నల్లగుడ్డ మీద పిండి, తరకలు ఉన్నాయేమో చూసుకోవాలి.

పాల ప్రొటీన్‌లో నూటికి ఎనభై వంతులు కేసీన్ అనే ప్రొటీనే. ఈనే ముందు చూలును నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోన్ పడిపోగానే ప్రొలాక్టిన్, కార్టిసాల్, ఇన్సులిన్ అనే హార్మోన్లు కలిసి పొదుగు కణాల్లో కేసీన్ తయారీ మొదలుపెట్టిస్తాయి. ఆ తర్వాత పాడిని నిలబెట్టేది ఎక్కువగా గ్రోత్ హార్మోన్. అది కాలేయం చేత ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్‌ను తయారు చేయిస్తుంది. అయితే కడుపు నిండినా శక్తి చాలని గేదెలో ఇన్సులిన్, ఐజీఎఫ్-1 రెండూ తగ్గుతాయి. కణంలో ప్రొటీన్ అల్లికను నడిపే ఎంటార్ అనే మీట నెమ్మదిస్తుంది. ప్రొటీన్ అల్లడానికి కావాల్సిన అమైనో ఆమ్లాల్లో కొన్నిటిని కాలేయం గ్లూకోజ్‌గా మార్చుకుంటుంది. ఒంట్లోని కొవ్వు మాత్రం కరిగి పాలలోకి వస్తూనే ఉంటుంది. చీటీలో వెన్న నిలబడి ఎస్‌ఎన్‌ఎఫ్ పడటానికి కారణం ఇదే.

వరిగడ్డిలో ముడి ప్రొటీన్ మూడు నాలుగు శాతమే. దానికి తోడు నూనె తీసిన గింజల చెక్క ఒక్కటే ఎక్కువ వేస్తే సరిపోదు. గేదెకు అందే ప్రొటీన్‌లో పెద్ద వాటా దాని పొట్టలోని సూక్ష్మజీవులదే. వాటికి నత్రజని, పిండిపదార్థం రెండూ ఒకేసారి దొరకాలి. పిండిపదార్థం లేకపోతే చెక్కలోని నత్రజని మూత్రంలో పోతుంది, డబ్బు దండగ. చెక్కల్లోనూ తేడా ఉంది. వేరుశనగ చెక్కలో లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలు రెండూ తక్కువ. నువ్వుల చెక్కలో మిథియోనిన్ బాగుంటుంది. లైసిన్ కోసం మన మెట్టలో పండే ఉలవలు ఉడికించి కుడితిలో కలపవచ్చు. బూజు పట్టిన వేరుశనగ చెక్క మాత్రం వద్దే వద్దు, అందులోని అఫ్లటాక్సిన్ అనే బూజు విషం పాలలోకి దిగుతుంది.

పది కిలోల దాణాకు మొక్కజొన్న నూక మూడున్నర కిలోలు, రెండు చెక్కలూ కలిపి మూడు, తవుడు మూడుంబావు కిలోలకు కాస్త తక్కువ, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. ఒంటి పోషణకు రోజుకు కిలో, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు మరో కిలో. మారుస్తే వారం పది రోజుల్లో మెల్లగా మార్చాలి. వరి కోశాక మళ్లలో పిల్లిపెసర అనే పప్పుజాతి మేత చల్లుకుంటే అంతకన్నా చవకైన ప్రొటీన్ లేదు. లేదంటే వంద కిలోల వరిగడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై అరవై లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచాలి. పెట్టేముందు గంటసేపు ఆరబెట్టి ఘాటు పోనివ్వాలి. యూరియా గడ్డలుగా మిగిలితే విషం. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు.

చేపు ఇంజెక్షన్ గురించి ఒక్క మాట. అందులోని ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పొదుగులో అప్పటికే ఉన్న పాలను దించుతుంది, అంతే. గ్రాము కేసీన్ కూడా పుట్టించదు. పాల కోసం పశువుకు హాని చేసే ఇంజెక్షన్ ఇవ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, నిమిషం రెండు నిమిషాలు నిమిరి, దాణా ముందు పెడితే చాలా గేదెలు చేపుతాయి.

పాల కేంద్రాలను అడిగేది ఇదీ. నీళ్లు కలిపారనే ముందు పాలు గడ్డకట్టే ఉష్ణోగ్రత చూడండి. అది సుమారు మైనస్ 0.54 డిగ్రీలు. మేత మారినా పెద్దగా కదలదు, నీళ్లు కలిస్తే సున్నా వైపు జరుగుతుంది. కేంద్రాల్లోని చిన్న యంత్రాలు ప్రొటీన్‌ను అంచనాగా చూపిస్తాయి, కాబట్టి నెలకోసారైనా ప్రతి రైతు నమూనానూ డెయిరీ ల్యాబులోని ఇన్‌ఫ్రారెడ్ యంత్రంలో పెట్టించి, ఆ అంకె చీటీ మీద వేయండి. డెయిరీ ల్యాబు దూరమైన ఊళ్ల నమూనాలను గరివిడి పశువైద్య కళాశాలలో పరీక్షించే ఏర్పాటును పశుసంవర్ధక శాఖ ఈ వేసవి లోపే చేయాలి.

– ఓ పశువైద్యుడు,
చీపురుపల్లి, విజయనగరం జిల్లా