ఏసీ గదిలో చేసిన ఓవర్‌క్లాకింగ్ మే నెలలో నిలవదు

ఎడిటర్ గారికి నమస్కారం,

వేసవి రాగానే సెల్‌ఫోన్ వేడెక్కితే ఏం చేయాలో అందరూ రాస్తారు గానీ డెస్క్‌టాప్‌ను ఎవరూ పట్టించుకోరు, అందుకే ఈ ఉత్తరం. గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకునే కుర్రాళ్లకు నగరంలో కొన్ని షాపుల వాళ్లు ‘ఓవర్‌క్లాక్ చేసి ఇస్తాం, స్పీడ్ అదిరిపోద్ది’ అని అంటగడుతున్నారు. ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన క్లాక్ (స్పీడ్) కంటే ఎక్కువలో నడపడం. మా అక్క కొడుకు అలాగే ఒకటి తెచ్చుకున్నాడు. చలికాలమంతా బ్రహ్మాండంగా నడిచింది, ఏప్రిల్ వచ్చేసరికి ఆట మధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి ఆగిపోవడం. బయాస్‌లోకి (పీసీ ఆన్ కాగానే నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) వెళ్లి చూస్తే కోర్ వోల్టేజీ, అంటే ప్రాసెసర్‌కి ఇచ్చే వోల్టేజీ, బాగా పైకి పెట్టి అక్కడే లాక్ చేసి ఉంది. ఎందుకంత పెట్టారంటే, తక్కువ వోల్టేజీతో ఎంతవరకు నిలుస్తుందో ఓపిగ్గా చూసే తీరిక షాపు వాళ్లకు ఉండదు మరి.

ఓవర్‌క్లాకింగే వద్దని కాదు. ఇంటెల్‌లో పేరు చివర ‘కె’ ఉన్న ప్రాసెసర్లు, ఏఎండీలో చాలా రైజెన్లు అందుకు వీలుగానే వస్తాయి, మదర్‌బోర్డు కూడా ఒప్పుకోవాలనుకోండి. బేస్ క్లాక్ అనే 100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని 50తో గుణిస్తే 5 గిగాహెర్ట్జ్, ఆ 50ని 51 చేయడమే మొత్తం విద్య. అసలు ప్రమాదం, అంత స్పీడ్‌లో ఆగిపోకుండా నడవడానికి ఎక్కించే వోల్టేజీది. కరెంటు వాడకం క్లాక్‌తో సమానంగా పెరుగుతుంది, వోల్టేజీ విషయంలో మాత్రం దాని వర్గంతో పెరుగుతుంది, అంటే రెండూ పది శాతం చొప్పున పెంచితే వేడి దాదాపు మూడో వంతు ఎక్కువవుతుంది.

దీనికి మన ఎండలు తోడు. యూట్యూబ్‌లో చూసే విదేశీ వీడియోలు చాలావరకు చల్లటి గదుల్లో తీసినవి. గది 24 డిగ్రీలున్నప్పుడు 82 చూపించిన ప్రాసెసర్, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీల గదిలో ఇంచుమించు 96 చూపిస్తుంది. రైజెన్ 7000 సిరీస్‌లో చాలా చిప్‌లకు 95, చాలా ఇంటెల్ చిప్‌లకు 100 పరిమితి, అది తగలగానే చిప్ తనంతట తానే స్పీడ్ తగ్గించేసుకుంటుంది. డబ్బులిచ్చి పెంచుకున్న స్పీడ్ అక్కడికక్కడే పోయినట్టు.

కాబట్టి సొంతంగా చేసుకునేవాళ్లు ముందు బయాస్ అప్‌డేట్ చేయండి. ఇది ఊరికే చెప్పట్లేదు, 2023లో కొన్ని రైజెన్ 7000 చిప్‌లు కాలిపోతే ఏఎండీ చిప్‌లో ఒక భాగానికి వెళ్లే ఎస్ఓసీ వోల్టేజీని 1.3 వోల్టులకు కట్టడి చేసింది, 2024లో ఇంటెల్ 13, 14 తరాల చిప్‌లు ఎక్కువ వోల్టేజీ వల్ల పాడవుతుంటే అవి 1.55 వోల్టులు దాటి అడగకుండా ఆ కంపెనీ బయాస్ అప్‌డేట్ ద్వారా మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చి, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. తర్వాత ఒక్కో మెట్టే క్లాక్ పెంచుతూ, ప్రతిసారీ ప్రాసెసర్‌తో పూర్తి పని చేయించే ప్రైమ్95 లాంటి స్ట్రెస్ టెస్ట్ పెట్టి, హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో వేడి గమనించండి. ఆ టెస్ట్ ఏసీ ఆపేసి మధ్యాహ్నం రెండింటికి చేయాలి, రాత్రి చల్లబడ్డాక కాదు. సిస్టమ్ ఆగిపోతే వోల్టేజీ ఎక్కించే ముందు ఒక మెట్టు దిగి చూడండి. అసలు చాలామందికి కావాల్సింది దీనికి తిరగేసిన పని, క్లాక్ అలాగే ఉంచి వోల్టేజీ కొంచెం తగ్గించుకోవడం, మన ఎండలకి నా ఓటు దానికే. క్యాబినెట్‌లో దుమ్ము దులిపారా లేదా అన్నది కూడా చూసుకోండి, రోడ్డు పక్క ఇళ్లలో నెలకే ఫిల్టర్ మూసుకుపోతోంది.

ఇక షాపుల వాళ్లకి ఒక మాట. ఓవర్‌క్లాకింగ్ వల్ల చిప్ పాడైతే మామూలు వారంటీ వర్తించదని ఇంటెల్, ఏఎండీ రెండూ చెబుతున్నాయి, ఆ సంగతి కొనేవాడికి ముందే చెప్పాలి కదా! ఎంత క్లాక్ పెట్టారు, ఎంత వోల్టేజీ పెట్టారు, ఏ టెస్ట్ ఎంతసేపు నడిపారు అన్నది బిల్లు వెనకాల రాసి సంతకం పెట్టి ఇవ్వండి. రాయనంటే, కొనేవాళ్లే ‘డీఫాల్ట్ సెట్టింగ్స్‌తోనే ఇవ్వండి’ అని అడిగి తీసుకోవాలి.

- ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్