తోగె సంకిచి కవితను ‘ఇవ్వండి’ అని అనువదించొద్దు

సంపాదకులు గారికి,

ఆగస్టు 6న హిరోషిమా గురించి వేసే పేజీలో జపాన్ కవి తోగె సంకిచి కవితకు చోటిస్తే, దయచేసి ఒక్క క్రియాపదం దగ్గర జాగ్రత్తపడండి. ఆయన ‘అణుబాంబు కవితలు’ సంపుటికి ముందుమాటగా నిలిచిన చిన్న కవిత అది. నాన్నను, అమ్మను, ముసలివాళ్లను, పిల్లలను, నన్ను, నాతో ముడిపడిన మనుషులను తిరిగి ఇచ్చెయ్యమంటుంది. చివరికి గానీ శాంతి మాట ఎత్తదు. అదీ ‘కూలిపోని శాంతి’.

ఇందులో ‘కాఎసె’ అనే క్రియ 7 సార్లు వస్తుంది. జపనీస్‌లో అది మర్యాద ఏమాత్రం కలవని ఆజ్ఞ. తెలుగులో ‘తిరిగి ఇవ్వండి’ అనగానే అది కలెక్టరుకు పెట్టుకున్న అర్జీ అయిపోతుంది. ‘ఇచ్చెయ్’ అనాలి. ఇంగ్లిష్ మీదుగా వచ్చే అనువాదాలకు ఇంకో చిక్కుంది. ఆ భాషలో క్రియ ముందుకొస్తుంది కాబట్టి ‘ఇవ్వండి తిరిగి మా తండ్రులను’ అని తలకిందులుగా రాసేస్తాం. జపనీస్ వాక్యం మాత్రం మన వాక్యంలాగే నడుస్తుంది. ‘చిచి ఒ కాఎసె’లో ‘చిచి’ అంటే నాన్న, ‘ఒ’ అంటే మన ‘ను’ ప్రత్యయం. ‘నాన్నను ఇచ్చెయ్’, అంతే. తెలుగుకు ఇంత దగ్గరగా ఉన్న కవితను చుట్టు తిప్పి తెచ్చి పాడుచేసుకోవడం బాధగా ఉంటుంది.

మూలంలో ఒక్క చైనా లిపి అక్షరం కూడా లేదు. మొత్తం హిరగానాలో, అంటే ఒకటో తరగతి పిల్లలు నేర్చుకునే అక్షరాల్లో రాశాడు. కాబట్టి ‘జనకుడు’, ‘వృద్ధులు’, ‘విశ్వశాంతి’ ఇక్కడ నప్పవు.

ఆ కోపం ఎక్కడిదో పాఠకులకు రెండు మాటల్లో చెప్పాలి. బాంబు పడేనాటికి ఆయనకు 28 ఏళ్లు. పేలుడు కేంద్రానికి సుమారు 3 కిలోమీటర్ల దూరంలో ఇంట్లో ఉన్నాడు. 1950 నవంబరు 30న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కొరియా యుద్ధంలో అణుబాంబు వాడే ఆలోచన ఉందన్నాడు. కవితలు సంపుటిగా రూపుకట్టింది ఆ తర్వాతే. అమెరికా ఆక్రమణ ఇంకా ముగియని 1951లో పుస్తకం చేతిరాత స్టెన్సిల్ మీద అచ్చయింది. మన సైక్లోస్టైల్‌కు దగ్గరి బంధువు అది. గరుకు ఇనుప పలక మీద మైనపు కాగితం పరిచి ఇనుప కలంతో రాయాలి. గట్టిగా నొక్కితే కాగితం చిరుగుతుంది, తేలిగ్గా గీస్తే సిరా దిగదు. ముఖచిత్రం వేసిన షికొకు గొరో, తోగె కలిసి బొమ్మలతో కవితల పోస్టర్లు చేసి వీధుల్లో అంటించేవారు. పోలీసులు వస్తున్నారంటే పీకేసి పరుగు. వందకు పైగా చేసినవాటిలో ఇప్పుడు మిగిలినవి 8.

ఆయన మరణాన్ని నేరుగా అణుధార్మికత ఖాతాలో వేయొద్దు. ఎన్నో ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడి, 1953 మార్చి 10న శస్త్రచికిత్స జరుగుతుండగా 36 ఏళ్ల వయసులో పోయాడు. హిరోషిమా శాంతి పార్కులో ఈ కవిత చెక్కిన రాయిని 1963లో నిలిపారు. దాని ఫొటో పక్కన వేయొచ్చు.

చోటు చాలకపోతే కవి పరిచయం కత్తిరించండి, పాదాలు మాత్రం వద్దు. చివరి పాదం పోతే శాంతి పోతుంది. మొదటి పాదాలు పోతే ఆ శాంతిని అడుగుతున్నది ఎవరి కోసమో తెలియదు.

– ఒక అనువాదకుడు, విశాఖపట్నం