కేంద్ర న్యాయశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: డబ్బిచ్చి వేయించే వార్తను ఎన్నికల నేరం చేయండి

అయ్యా,

నమస్కారం. మా ఇంటికి రెండు పత్రికలు వచ్చేవి. ఎన్నికల రోజుల్లో ఒక ఉదయం రెండింటిలోనూ ఒకే అభ్యర్థి గురించి ఒకే వార్త కనిపించింది. శీర్షికలు వేరు, లోపలి వాక్యాలు మాత్రం అక్షరం పొల్లుపోకుండా అవే, ‘అడుగడుగునా జననీరాజనం’తో సహా. ప్రకటన అన్న మాట ఎక్కడా లేదు. మా నాన్నగారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు. తర్వాత ఏమీ మాట్లాడకుండా రెండు పత్రికలనూ మడిచి పక్కన పెట్టారు.

వీధిలో పంచే ఎన్నికల కరపత్రం మీద కూడా ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు ఉండాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ చెబుతోంది. కరపత్రానికున్న జవాబుదారీతనం డబ్బు పుచ్చుకుని వేసే వార్తకు ఎందుకు లేదు?

2009 ఎన్నికల తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం ఈ బేరసారాలను పేర్లతో సహా రాసింది. ఆ ఇద్దరు సభ్యుల్లో ఒకరు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి. కానీ 2010లో కౌన్సిల్ కుదించిన నివేదికనే విడుదల చేసింది. పూర్తి పాఠం బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. పత్రికా స్వేచ్ఛకు కాపలా ఉండవలసిన సంస్థే పత్రికా యజమానుల ముందు జంకిందే! నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

డబ్బిచ్చి వేయించే వార్తను నేరంగా పరిగణించాలని ఎన్నికల సంఘం కోరింది. 2015లో లా కమిషన్ కూడా తన 255వ నివేదికలో సిఫార్సు చేసింది. అలాంటి వార్త ఖర్చును అభ్యర్థి ఎన్నికల ఖర్చులో కలిపి చూపడంతో సరిపెట్టకండి. ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ శిక్ష ఉండాలి. అయితే ఏది వార్తో తేల్చే అధికారం ఏ ప్రభుత్వం చేతికీ పోకూడదు. వచ్చే పార్లమెంటు సమావేశాల్లోనే సవరణ బిల్లు పెట్టండి.

ఇట్లు,
ఒక పత్రికా పాఠకుడు