వారాంతపు ట్రిప్‌లో మాకు చేయందించిన వాళ్లందరికీ కృతజ్ఞతలు

మా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే బండ్ల) క్లబ్ వారాంతపు ట్రిప్ ముగిసింది. బండ్లన్నీ తిరిగొచ్చాయి, మనుషులందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు. ఇందుకు కారణమైన వాళ్లలో చాలామంది మా క్లబ్ సభ్యులు కారు. పేర్లు రాయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. కానీ ఎవరు ఏం చేశారో, అదే ఎందుకు చేశారో మాత్రం వివరంగా రాయాలి. ఊరికే ధన్యవాదాలు చెప్పి ఊరుకుంటే వాళ్లు పెట్టిన శ్రద్ధ ఎంతటిదో చదివేవాళ్లకు తెలియదు.

మొదటి నమస్కారం ట్రాక్టర్ తోలుకొచ్చిన రైతు గారికి. చిత్తడి నేలలో ఒక బండి మడ్‌గార్డుల దాకా దిగబడింది. చక్రాల లోతు దిగబడితే లాగడానికి దాదాపు బండి బరువంత బలం కావాలి. మడ్‌గార్డుల దాకా దిగితే దానికి రెట్టింపు. అంటే సామానుతో కలిపి రెండున్నర టన్నులుండే బండికి ఐదు టన్నుల లాగుడు. అంత బలం ఒక్కసారిగా పెడితే తాడు తెగుతుందో, హుక్కు ఊడుతుందో, ఛాసిస్ వంగుతుందో ఎవరూ చెప్పలేరు. ఆయన రాగానే ట్రాక్టర్ ఆపి దిగి, ముందు పార అడిగారు. "తవ్వకుండా లాగేది లేదు" అన్నారు.

నాలుగు చక్రాల ముందూ ఏటవాలుగా బురద తోడించారు. యాక్సిల్ మధ్యలో గేర్లుండే డిఫరెన్షియల్ గుండు కింద, యాక్సిల్ గొట్టం కింద చెయ్యి దూరేంత సందు చేయించారు. బురదలో బండిని పట్టి ఉంచేది దాని బరువొక్కటే కాదు. అడుగుభాగం బురదకు అతుక్కుని, గాలి చొరబడే దారి లేక పీల్చినట్టు పట్టేస్తుంది. ఒక పక్క నుంచి గాలి ఆడిందంటే ఆ పట్టు వదులుతుంది. తర్వాత టైర్ల గాలి 18 పీఎస్ఐకి దించి, చక్రాల ముందు ట్రాక్షన్ బోర్డులు (చక్రానికి పట్టు దొరికే గరుకు పలకలు) వీలైనంత లోపలికి దూర్చారు. ఇంత పని అయ్యాక కూడా ఆయన తాడు పట్టుకోలేదు, ఇంకోసారి వంగి బండి కింద చూశారు. వెనక యాక్సిల్‌కు అడ్డంగా ఒక రాయి కనబడింది. దాన్ని గునపంతో పెకలించి తీశారు. అది అలాగే ఉండి ఉంటే ఎంత లాగినా బండి కదిలేది కాదు, కదిలితే యాక్సిల్ దెబ్బతినేది.

వించ్ (మోటారుతో తాడు చుట్టి లాగే యంత్రం) ఉన్న బండితో వచ్చిన పొరుగు క్లబ్ దంపతులకు రెండో నమస్కారం. చుట్టుపక్కల తాడు కట్టడానికి ఒక్క చెట్టూ లేదు. వాళ్లు తమ బండిని, ట్రాక్టర్‌ను గట్టి నేల మీద పక్కపక్కన నిలబెట్టారు. వించ్ తాడును దిగబడిన బండికి తగిలించిన కప్పీ గుండా తిప్పి, చివరను ట్రాక్టర్‌కు బిగించారు. అప్పుడు దిగబడిన బండి మీద వించ్ బలానికి దాదాపు రెట్టింపు లాగుడు పడుతుంది. ఆ భారాన్ని వించ్ బండి ఒక సగం, ట్రాక్టర్ ఒక సగం మోస్తాయి. ఏ ఒక్కటీ జారిపోదు.

ట్రాక్టర్‌కు తాడు ఎక్కడ తగిలించాలన్నది ప్రాణాలతో ముడిపడ్డ విషయం. రైతు గారు వెనక, కింద ఉన్న లాగుడు కడ్డీ అయిన డ్రాబార్‌కే తగిలించారు. వెనక యాక్సిల్ కంటే పైన లాగుడు పడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. సీట్లో ఉన్న మనిషి దూకేందుకు కూడా వ్యవధి దొరకదు. పెద్ద చక్రాల వెనక బండరాళ్లు ఆనించి, ఆయన కిందికి దిగి దూరంగా వెళ్లారు.

ఇక వించ్ సంగతి. దాని మీద 9,500 పౌండ్లు, అంటే సుమారు 4,300 కిలోలు అని రాసి ఉంటే, అది డ్రమ్ము మీద మొదటి పొర తాడు మాత్రమే ఉన్నప్పటి లెక్క. పొర మీద పొర చుట్టుకునే కొద్దీ లాగే బలం తగ్గుతుంది. అందుకే వాళ్లు తాడును చాలా దూరం బయటికి తీసి, డ్రమ్ము మీద పది చుట్లు ఉంచారు. సింథటిక్ తాడు నున్నగా ఉంటుంది. అంతకంటే బాగా తక్కువ చుట్లుంటే డ్రమ్ము మీద జారుతుంది. ఇంజన్ ఆన్‌లోనే ఉంచారు, ఎందుకంటే పూర్తి భారం మీద వించ్ మోటారు నాలుగు వందల ఆంపియర్ల దాకా లాగుతుంది, బ్యాటరీ ఒక్కటే దాన్ని ఎంతోసేపు భరించలేదు. నిమిషం లోపు లాగడం, ఆపి మోటారు మీద చెయ్యి పెట్టి వేడి చూడటం, మళ్లీ లాగడం. దిగబడిన బండి డ్రైవరు లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో తిప్పే గేర్ల వరస) రెండో గేరులో చక్రాలను నెమ్మదిగా తిప్పుతూ సాయపడ్డారు.

జనాన్ని దూరంగా ఉంచే బాధ్యత తీసుకున్న అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పాలి. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో అందరినీ నిలబెట్టింది. ఫోన్‌లో వీడియో తీద్దామని ముందుకొచ్చిన వాళ్లను కూడా వెనక్కి పంపింది. కప్పీ దగ్గర తాడు రెండు పాయలై కోణం ఏర్పడుతుంది. ఆ కోణం లోపల ఎవరూ ఉండకూడదు. కప్పీ ఊడితే అది ఎగిరొచ్చేది అటే. తాడు రెండు పాయల మీదా తాడు తెగినా ఎగిరిపడకుండా ఆపే, మట్టి నింపిన డ్యాంపర్ సంచులు వేసింది. షాకిళ్లన్నీ (తాడును తగిలించే, పిన్ను ఉన్న ఇనుప కొలుకులు) 4.75 టన్నుల భారం మోసేవేనని వాటి మీది అచ్చు చదివి మరీ చూసింది, పిన్ను పూర్తిగా బిగించాక పావు చుట్టు వెనక్కి తిప్పింది. భారం పడ్డాక పిన్ను బిగుసుకుపోయి విప్పడం కష్టమవకుండా ఉండటానికి అది. టో బాల్ దగ్గరికి మాత్రం ఎవరినీ తాడు తీసుకెళ్లనివ్వలేదు. టో బాల్ అంటే బండి వెనక ఉండే ఇనుప గుండు, ట్రైలరును లాక్కెళ్లడానికి చేసినది. కుదుపుతో లాగితే మెడ విరిగి తూటాలా వస్తుంది. దానివల్ల మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి.

ఎక్కుడు దారిలో ఒక బండికి వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజన్ బలాన్ని వెనక చక్రాలకు చేర్చే కడ్డీ) కీలులోని క్రాస్ విరిగినప్పుడు ఆగి సాయం చేసిన పెద్దాయనకు ఎంత చెప్పినా తక్కువే. వర్క్‌షాపులో పనిచేసిన చేతులని చూడగానే తెలిసిపోయింది. షాఫ్ట్ ముట్టుకోకముందే నాలుగు చక్రాలకూ రాళ్లు పెట్టించారు. షాఫ్ట్ విప్పేశాక గేరులో ఉంచినా వెనక చక్రాలను గేరు పట్టి ఉంచదు, వాలులో బండి జారిపోతుంది. తర్వాత షాఫ్ట్‌ను బోల్టులతో కలిపే ఫ్లాంజ్‌ల (పళ్లేల్లాంటి అంచుల) జోడు మీద సుద్దతో గీత గీశారు. తిరిగి బిగించేటప్పుడు అదే స్థానంలో కూర్చోకపోతే షాఫ్ట్ అదురుతుంది. బోల్టులు విప్పి షాఫ్ట్ పక్కన పెట్టి, ఆ బోల్టులను నట్లతో సహా ఒక సంచిలో వేసి మూతి కట్టి డ్రైవరు చేతికిచ్చారు.

ఆపైన, ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు లివర్‌ను 4హెచ్‌లో (బలం నాలుగు చక్రాలకూ వెళ్లే స్థానంలో) వేయించి, ముందు చక్రాల మీదే బండిని నడిపించారు. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ బండిని (కావాలన్నప్పుడే నాలుగు చక్రాలకూ బలం ఇచ్చే బండిని) ఎండు తారురోడ్డు మీద 4హెచ్‌లో నడపకూడదని అందరికీ తెలుసు. ముందు, వెనక షాఫ్టులు మెలిపడి గేర్లు ఒత్తిడికి గురవుతాయి. వెనక షాఫ్టే లేనప్పుడు మెలిపడటానికి రెండోది ఉండదు, కాబట్టి తారురోడ్డు మీద కూడా అలాగే రావచ్చు. ఒకటే ఇబ్బంది: ఎక్కుడులో బరువంతా వెనక్కి పోయి ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. అందుకని నిటారు ముక్కలో ముందు బండికి తాడు కట్టించి, కుదుపు లేకుండా తాడు బిగువుగా ఉంచుతూ ఎక్కించారు. అన్ని బండ్లకూ ఈ ఉపాయం పనికిరాదని కూడా ఆయనే చెప్పారు. షాఫ్ట్ ముందు కొస నేరుగా ట్రాన్స్‌ఫర్ కేసులోకి దూరే రకమైతే, దాన్ని లాగేయగానే ఆయిల్ కారిపోతుంది.

పక్కవాలులో రిమ్ము నుంచి టైరు ఊడినప్పుడు సాయపడ్డ తమ్ముళ్లకు కూడా థాంక్స్. రిమ్ము అంచు గుడ్డతో తుడిచి, సబ్బునీళ్లు రాసి, టైరు చుట్టూ ర్యాచెట్ బెల్టు బిగించి, వాల్వు లోపలి పిన్ను తీసేసి కంప్రెసర్ పెట్టారు. పిన్ను లేకపోతే గాలి జోరుగా వెళ్లి టైరు అంచును రిమ్ముకు తన్నుతుంది. అంచు కూర్చోబోతుండగా బెల్టు వదులు చేశారు, రెండు పక్కలా కూర్చున్న చప్పుడు విన్నాకే పిన్ను పెట్టి గాలి సరిచేశారు. మంటతో టైరు ఎక్కించే ప్రదర్శనల జోలికి పోనందుకు ఇంకో థాంక్స్.

తిరుగు దారిలో వాగు పెరిగింది. కర్ర పట్టుకుని గట్టునే ఉండిపోయి, నీటి అంచున రాయి పెట్టి పావుగంటకోసారి మట్టం చూసి చెప్పిన అక్కకు కృతజ్ఞతలు. మోకాలి లోతు నీరైనా జోరుగా పారుతుంటే మనిషిని పడేస్తుంది, మనిషి నడవలేని చోట బండిని దించకూడదు. మట్టం తగ్గి, ఆవిడ గుర్తు రాయి పూర్తిగా బయటపడ్డాకే మేం దాటాం. ఆలస్యమవుతోందని తొందరపెట్టకుండా కూర్చున్న వాళ్లందరికీ కూడా.

తమ పొలాల్లోంచి వెళ్లనిచ్చిన యజమానులకు, దారి వివరాలు, తిరిగొచ్చే సమయం దగ్గర పెట్టుకుని ఫోన్ పక్కనే కూర్చున్న మిత్రులకు, చివరి బండిలో ఉండి ప్రతి గేటునూ ముందు ఎలా ఉందో అలాగే ఉంచి వచ్చిన వాళ్లకు వందనాలు. చిత్తడిలో తవ్విన గుంతలను అక్కడే పూడ్చాం. వాన పడ్డాక కుంగితే మళ్లీ వచ్చి మట్టి పోస్తాం, రైతు గారు ఒక్క కబురు పంపితే చాలు.

వించ్ దంపతులకు ఒక మనవి. మా దగ్గరికి రావడానికి మీరు వేడి మీదున్న యాక్సిళ్లతో నేరుగా వాగులోకి దిగారు. వేడి డిఫరెన్షియల్ చల్లటి నీళ్లలో ఒక్కసారిగా చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, లోపలి గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం పొట్టిగా ఉన్నా, సీలు అరిగి ఉన్నా నీటిని లోపలికి లాగుతుంది. దూర ప్రయాణం పెట్టుకోకముందే రెండు డిఫరెన్షియళ్ల ఆయిల్ చూడండి. బండిని రాత్రంతా కదపకుండా ఉంచి డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేస్తే, నీరుంటే ముందు అదే కారుతుంది. ఆయిల్ పాలరంగుకు తిరిగినా మార్చాల్సిందే. ఆ ఖర్చు క్లబ్‌ది, దయచేసి కాదనకండి. మీ కప్పీ, డ్యాంపర్ సంచులు, రెండు షాకిళ్లు మా దగ్గరే ఉన్నాయి. బురద కడిగి, నీడలో ఆరబెట్టాం. మీకు వీలైన రోజు చెబితే ఇంటికి తెచ్చిస్తాం.