ఊక ధర పెరిగింది, రంపపు పొట్టు ఆపేశాం: మా ఖాతాదారులకు

వచ్చే సోమవారం నుంచి కోళ్ల గూట్లో పరిచే వరి ఊక బస్తాకు ముప్ఫై రూపాయలు పెంచుతున్నాం. బస్తా ఎప్పటిలాగే 15 కిలోలు. తూకంలో రెండు కిలోలు కోసేసి పాత ధరకే ఇస్తున్నామని చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

తణుకు చుట్టూ ఇన్ని మిల్లులుండగా ఊకకు కరువేమిటని అడుగుతున్నారు. ధాన్యం ఆడిస్తే ఐదో వంతు ఊకే, నిజమే. కానీ ఉప్పుడు బియ్యం మిల్లులు దాన్ని తమ బాయిలర్లలోనే కాల్చుకుంటాయి. మిగిలింది ఇటుక బట్టీలకు, విద్యుత్ కేంద్రాలకు లారీల లెక్కన పోతుంది. పెరటి కోళ్ల కోసం పాతిక బస్తాలు అడిగే నాలాంటివాడి మాట మిల్లు గుమాస్తా ఆఖరున వింటాడు.

రంపపు పొట్టు ఇక తెప్పించం. ఊక కన్నా అది తేమను బాగా పీలుస్తుంది, ఆ సుగుణం కాదనను. అయితే అడితీల నుంచి వచ్చే పొట్టులో అసలు కలప ఎంతో, జిగురు కలిసిన ప్లైవుడ్ ఎంతో చూసి చెప్పడం నా వల్ల కాదు. పైగా మెత్తటి పొట్టును రెండు మూడు రోజుల కోడిపిల్లలు దాణా అనుకుని పొడుచుకు తింటాయి. వేరుశనగ పొట్టు బాగా ఎండినది దొరికితే ఎండాకాలంలో తెస్తాను, వానాకాలంలో మాత్రం అడగవద్దు. బూజు పట్టిన పొట్టు మీద పెంచితే కోడిపిల్లలకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది.

బస్తాలు అమ్ముకునేవాణ్ణి ఈ మాట చెప్పకూడదేమో గానీ, మీలో చాలామంది అవసరానికి మించి కొంటున్నారు. నాలుగడుగుల వెడల్పు, ఐదడుగుల పొడవున్న గూటిలో మూడు అంగుళాల మందం పరవడానికి ఒక్క బస్తా సరిపోతుంది. పెద్ద కోడికి రెండు చదరపు అడుగుల లెక్కన అందులో పది ఉండవచ్చు. అంతకు మించి కుక్కితే ఎంత ఊక పోసినా వాసన ఆగదు.

నెలకు నాలుగు బస్తాలు తీసుకెళ్లే ఒక అమ్మగారి ఇంటికి సరుకు దించడానికి వెళ్లి గూడు చూశాను. ఉన్నవి పది గ్రామప్రియ కోళ్లు. ఊకంతా పొడిగానే ఉంది, నీళ్ల తొట్టి చుట్టూ మాత్రం మూరెడు మేర నల్లగా అట్టకట్టింది. తొట్టి నేల మీదే ఉండటంతో కోళ్లు అందులో కాళ్లు పెట్టి ఒలకబోస్తున్నాయి. అంచు కోడి వీపు ఎత్తుకు వచ్చేలా కింద రెండు ఇటుకలు పెట్టి, అట్టకట్టినంత మేరా పారతో ఎత్తిపారేశాం. ఇప్పుడు ఆవిడకు నెలకు ఒక బస్తా కూడా పట్టడం లేదు. నా వ్యాపారానికి నష్టమే, కోళ్లకు లాభం.

ఊక మార్చాలో వద్దో తేల్చుకోవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. ముద్దలా నిలబడితే తడి ఎక్కువైనట్టు. వేళ్లు విప్పగానే మెల్లగా విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. అసలు పట్టే ఇవ్వకుండా దుమ్ము లేస్తే మరీ ఎండిపోయినట్టు. వాసన కూడా నిలబడి చూస్తే తెలియదు, కోడి తల ఎత్తుకు వంగి చూడండి. అక్కడ కళ్లు మండితే రెట్ట నుంచి లేచే అమ్మోనియా వాయువు హద్దు దాటింది. వారానికి రెండుసార్లు, వానల్లో రోజూ, ఊకను అడుగు నుంచి పైకి తిరగేస్తే ఇంతదాకా రాదు. తడి, వెచ్చదనం కలిస్తే రక్తపారుడు తెచ్చే పరాన్నజీవి ఒకటి రెండు రోజుల్లోనే అంటుకునే దశకు వస్తుంది. పిల్లల రెట్టలో నెత్తురు కనిపిస్తే నా దుకాణానికి కాదు, పశువైద్యుని దగ్గరికి వెళ్లండి.

సున్నం గురించి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. గూడు ఖాళీ చేసి, నేల ఆరాక, కొత్త ఊక వేసే ముందు సున్నం పూయడం మంచిదే. తడిసిన రెట్ట మీద చల్లితే మాత్రం ఘాటు ఇంకా పెరుగుతుంది. బ్లీచింగ్ పొడి అసలే వద్దు, అమ్మోనియాతో కలిస్తే విషవాయువు పుడుతుంది.

చివరగా సంచుల సంగతి. ఖాళీ గోనెలు తిరిగిస్తే పది రూపాయలు తగ్గించే పద్ధతి ఇకపై లేదు. 2025 ఫిబ్రవరిలో మన వేల్పూరులో, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మీకు తెలిసిందే. ఆ వైరస్ రెట్ట అంటిన చెప్పులతో, సంచులతో కూడా ఒక గూటి నుంచి ఇంకో గూటికి పోతుంది. అందుకే సరుకు దించే కుర్రాడు కూడా ఇక గూడు దాకా రాడు, గేటు దగ్గరే బస్తా పెడతాడు. అతణ్ణి కోప్పడకండి, ఆ నియమం నాది. వాడిన ఊకను కూడా మేం తిరిగి కొనం. మీ పెరట్లోనే కుప్ప వేసి బాగా మాగనిచ్చి వంగ, బెండ మొక్కలకు వేసుకోండి. పచ్చిది నేరుగా వేస్తే వేళ్లు మాడిపోతాయి.