పక్క మిల్లు ఖాతా మాకు, మా ఖాతా పక్క మిల్లుకు: మీ పోర్టల్‌పై ఫిర్యాదు

ఆదోని, కర్నూలు జిల్లా.

సాఫ్ట్‌వేర్ కంపెనీ మేనేజర్ గారికి,

విషయం: పత్తి నుంచి గింజ తీసే జిన్నింగ్ మిల్లులు, కమీషన్ మండీలు, లారీ ఆఫీసులు, స్పిన్నింగ్ మిల్లులు కలిసి వాడుతున్న మీ పోర్టల్‌లో భద్రతా లోపాలు.

అయ్యా,

ఖాతా స్టేట్‌మెంట్ తెరిస్తే బ్రౌజర్‌లో పైన కనిపించే లింకు చివర మిల్లు జీఎస్టీ నంబరు ఉంటుంది. ఆ 15 అక్షరాలు చెరిపి, పక్క మిల్లు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే ఆ మిల్లు ఖాతా వచ్చేస్తోంది. క్యాండీ (దూది అమ్మకంలో తూకం లెక్క) ఎంతకు అమ్మారు, గోడౌన్‌లో ఎన్ని దూది బేళ్లున్నాయి, ఎవరి దగ్గర ఎంత బాకీ, అన్నీ కనబడుతున్నాయి. రెండు మిల్లుల వాళ్లం ఒప్పుకుని, ఒకే బల్ల దగ్గర కూర్చుని మా రెండు ఖాతాల మీదే పరీక్షించాం. మూడో మిల్లు జోలికి పోలేదు.

జీఎస్టీ నంబరేమీ రహస్యం కాదు. ప్రతి బిల్లు మీదా, గేటు దగ్గరి బోర్డు మీదా ఉంటుంది. మీ సర్వరు లాగిన్ అయ్యారా లేదా అని మాత్రమే అడుగుతోంది, అడిగిన ఖాతా ఆ మనిషిదేనా అని అడగడం లేదు. గేటులో టికెట్ చింపి, లోపల నేల టికెట్ వాడు బాల్కనీలో కూర్చున్నా పట్టించుకోని సినిమా హాలు లాంటిదిది.

దీనివల్ల నష్టమెంతో లెక్క చూడండి. 170 కిలోల బేళ్లు 100 ఉన్న లోడంటే, 355.62 కిలోల క్యాండీ లెక్కన దాదాపు 48 క్యాండీలు. పక్క మిల్లు క్యాండీకి 300 రూపాయలు తగ్గించి ఇచ్చిందని కొనేవాళ్లకు ముందే తెలిస్తే లోడుకు 14,000 పైన పోయినట్టే. గోడౌన్ నిండిందని తెలిస్తే ఇంకా కిందికి బేరమాడతారు.

లింకులో జీఎస్టీ నంబరు కనబడకుండా గజిబిజి అక్షరాలు పెడతామని మీ సపోర్ట్ వాళ్లు ఫోన్లో చెప్పారు. అది మందు కాదు. ఆ లింకును వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేస్తే లాగిన్ ఉన్న ఎవరికైనా మళ్లీ తెరుచుకుంటుంది. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ, లాగిన్ అయిన మనిషి ఏ సంస్థ వాడో సర్వరు తన దగ్గరున్న వివరంతోనే పోల్చుకోవాలి, లింకులో రాసి ఉన్నదాన్ని నమ్మకూడదు. పీడీఎఫ్, ఎక్సెల్ డౌన్‌లోడ్లు, మొబైల్ యాప్ పిలిచే ఏపీఐలు (ఒక ప్రోగ్రాం సర్వరు నుంచి వివరాలు తెచ్చుకునే దారులు) కూడా ఇందులోకి రావాలి. స్క్రీన్ మీద మూసి డౌన్‌లోడ్ దగ్గర మరిచిపోవడం మామూలుగా జరిగే తప్పు. పరాయి ఖాతా అడిగితే 404, అంటే అలాంటి పేజీయే లేదన్న జవాబు, రావాలి. 403, అంటే చూసే అనుమతి లేదన్న జవాబు, ఇస్తే ఆ నంబరుతో ఖాతా ఉందన్న సంగతైనా బయటపడుతుంది.

రెండోది లాగిన్ల సంగతి. సంస్థకు ఒకటే లాగిన్ ఇచ్చారు. కాటా దగ్గరి మనిషి, గుమాస్తా, నాలుగు మిల్లుల లెక్కలు రాసే అకౌంటెంటు, అందరిదీ ఒకటే పాస్‌వర్డ్. ఓటీపీ యజమాని ఫోనుకు వస్తుంది. రోజుకు పదిసార్లు అడిగితే ఆయన ఎవరో ఏమిటో చూడకుండా చదివి చెప్పేస్తున్నాడు, ఇంక ఆ ఓటీపీ ఉన్నా లేనట్టే. మనిషికొక లాగిన్ కావాలి, ఎవరి ఫోన్లో వాళ్లకు లాగిన్ కోడ్ చూపే అథెంటికేటర్ యాప్ ఉండాలి. కాటా మనిషికి బరువు నమోదు తప్ప రేటు గడి కనబడకూడదు. సీజన్ అయ్యాక గుమాస్తాలు మిల్లులు మారతారు. వెళ్లినవాడి లాగిన్‌ను మిల్లువాళ్లే అప్పటికప్పుడు ఆపగలగాలి, మీకు మెయిల్ పెట్టి ఎదురుచూడటం కాదు. ఆపిన క్షణంలో అతని ఫోన్లో తెరిచి ఉన్న సెషన్ కూడా చావాలి. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చినా పాత ఫోన్లో యాప్ నడుస్తూనే ఉంది.

లారీ ఆఫీసులన్నిటికీ కలిపి ఒకటే ఏపీఐ కీ (ప్రోగ్రాంకు పాస్‌వర్డ్ లాంటిది) ఇచ్చారు. అది ఒక ఎక్సెల్ ఫైల్ మాక్రోలో ఉండి, ఆ ఫైల్ వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆఫీసుకొక కీ ఇవ్వండి. దానితో లారీ నంబరు, బేళ్ల సంఖ్య, గేట్ పాస్ తప్ప ఇంకేమీ రాకూడదు. కొత్త కీలు ఇచ్చాక వారం రోజులు పాతదీ నడవనిచ్చి తర్వాత మూసేస్తే లోడింగ్ ఆగదు.

ఇక మా ఖాతాలు ఇప్పటిదాకా ఎవరు చూశారని అడిగితే 30 రోజుల లాగ్ (ఎవరెప్పుడు ఏం చేశారో సర్వరు రాసుకునే చిట్టా) పంపారు. అందులో ఎవరు మార్చారో ఉంది, ఎవరు చూశారో లేదు. మాకు కావలసింది రెండోదే: ఏ లాగిన్, ఏ సంస్థ, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి, ఎవరి ఖాతాను, ఎన్ని గంటలకు తెరిచిందో. సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. ఇలాంటి సంఘటన తెలిసినా, ఎవరైనా తెలియజేసినా 6 గంటల్లో వారికి చెప్పాలి. ఈ ఉత్తరం అందిన నిమిషం నుంచి మీకు ఆ లెక్క మొదలైనట్టే.

మీ బ్రోచర్‌లో సమాచార భద్రతకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 27001 ముద్ర ఉంది. సర్టిఫికెట్ ప్రతి పంపండి, స్కోప్ (ఆ సర్టిఫికెట్ దేనికి వర్తిస్తుందన్నది) అన్నచోట ఈ పోర్టల్ పేరు ఉందో లేదో చూసుకుంటాం. ఆ ప్రమాణం 2022 కూర్పులో 5.19 నుంచి 5.22 దాకా అంశాలు సరఫరాదారులతో భద్రత గురించి, 5.23 క్లౌడ్ గురించి ఉన్నాయి. మనం రాసుకున్న ఒప్పందంలో వాటి ఊసే లేదు. పత్తి కొన్న రైతుల పేర్లు, బ్యాంకు ఖాతా నంబర్లు కూడా ఇదే సర్వర్లో ఉన్నాయని మరిచిపోవద్దు.

లింకు లోపం ఈ రాత్రికే మూయాలి, అవసరమైతే స్టేట్‌మెంట్ పేజీ మొత్తం ఆపేయండి, మేము సర్దుకుంటాం. మిగతావాటికి 15 రోజులు. అప్పటిదాకా రేటు గడిలో సున్నా వేస్తాం, బేరం ఫోన్లో మాట్లాడుకుంటాం. బాగుచేశామన్న రోజున మీ మనిషి రెండు వేర్వేరు సంస్థల టెస్ట్ లాగిన్లు తీసుకుని రావాలి. ఒకదాని లింకులన్నీ రెండోదాంట్లో మా కళ్ల ముందే తెరిచి చూపాలి. అన్నీ 404 వచ్చాక రెన్యువల్ చెక్కు రాస్తాం.

ఇట్లు,
ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో లెక్కలు, కంప్యూటర్లు చూసేవాళ్లం